ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మామయ్య నమ్మడం లేదు

బాలానగర్‌లో మేనమామ నడిపే వర్క్‌షాపులో పనిచేస్తున్న ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. ఆమె మెకానికల్ డిప్లొమా చదివారు. మామయ్య దగ్గర ఉన్నవన్నీ చేత్తో నడిపే లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు. నిరుడు ఒక శిక్షణ సంస్థ పాత సామాను వేలం వేసినప్పుడు, కంట్రోలర్ కాలిపోయిన చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మిల్లింగ్ మెషిన్ ఒకటి చవకగా దొరికింది. కొత్త కంట్రోలర్‌కు డీలర్ చెప్పిన ధర మెషిన్ ధరకు మూడింతలు. "లినక్స్‌సీఎన్‌సీతో నేను నడిపిస్తాను మామయ్యా, సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు ఉండదు" అని ఈమె మాటిచ్చారు. లినక్స్‌సీఎన్‌సీ అంటే మామూలు కంప్యూటర్‌తో ఇలాంటి మెషిన్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్లు, వాటిని నడిపే డ్రైవర్లు బిగించి, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో పారలల్ పోర్టు (పాతకాలం ప్రింటర్లు తగిలించే సాకెట్) ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్ కొన్నారు. శ్రావణంలో మెషిన్ కదిలింది. షాపులో అందరికీ మిఠాయి పంచారు.

ఇబ్బందులు ఆ తర్వాత మొదలయ్యాయి. ముందు తెరమీద 'రియల్‌టైమ్ డిలే' (కంప్యూటర్ సమయానికి స్పందించలేదు) అన్న హెచ్చరిక వచ్చేది. తెలిసినవారు ఒకరు బేస్ పీరియడ్‌ను (మోటారును ఒక్కో అడుగు కదిపే పల్సు పంపే వంతుల మధ్య వ్యవధి, నానోసెకన్లలో) 25,000 నుంచి 50,000కు పెంచమంటే పెంచారు, హెచ్చరిక పోయింది. వారం తిరగకముందే పని మధ్యలో 'జాయింట్ 0 ఫాలోయింగ్ ఎర్రర్' అంటూ మెషిన్ ఆగిపోవడం మొదలైంది. ఇంకొకరు ఎంత వెనకబాటును సహించాలో చెప్పే ఫెర్రర్ అనే విలువ పెంచమన్నారు, అదీ చేశారు. ఎర్రర్ తగ్గింది కానీ పోలేదు. దీనికి తోడు ఒక ప్లేటు పూర్తయ్యేసరికి ఎక్స్ దిశలో సున్నా స్థానం 0.4 మిల్లీమీటర్లు జరిగిపోతోంది. రంధ్రాలు కూడా సరైన గుండ్రంగా రావడం లేదు.

టేబుల్‌ను నడిపే స్క్రూ అరిగిందని మామయ్య అంటున్నారు. ఆయన దగ్గర ముప్పై ఏళ్లుగా ఉన్న ఫోర్‌మన్ "కంప్యూటర్ చదువు కంప్యూటర్ దగ్గరే పనికొస్తుంది" అని అందరి ముందూ అన్నారట. జీడిమెట్లలో ప్యాకింగ్ మెషిన్లు తయారుచేసే ఒకరికి 60 అల్యూమినియం ప్లేట్లు దసరాలోగా ఇవ్వాలి. ఆయుధపూజ నాటికి మెషిన్ సరిగా నడవకపోతే తుక్కు కింద అమ్మేస్తానని మామయ్య తేల్చేశారు. అమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, తన తమ్ముడి డబ్బు పోయిందా అని అడుగుతున్నారు. ఇతరులు చెప్పగా చేసిన ఆ రెండు మార్పుల సంగతి ఈమె మామయ్యకు ఇంతవరకూ చెప్పలేదు. "ఇంకా ప్రయత్నించనా, ఓటమి ఒప్పుకుని డీలర్ దగ్గరికి వెళ్లమననా?" అన్నది ఆమె ప్రశ్న. సెట్టింగుల ఫైళ్లు, వైరింగ్ ఫొటోలు, డ్రైవర్ కాగితం జతచేశారు.

సమాధానం

మెషిన్ పనిచేయడం లేదని మీరు ఒక్క మాటలో రాశారు. నేను చదివినంతలో అందులో నాలుగు వేర్వేరు తప్పులున్నాయి, దేని కారణం దానిదే. మీరంతా కలిసి నాలుగింటికీ ఒకే కారణం వెతుకుతున్నారు. మామయ్య స్క్రూ అంటున్నారు, ఫోర్‌మన్ మీరే కారణమంటున్నారు, మీరేమో సాఫ్ట్‌వేర్ అని లోలోపల భయపడుతున్నారు.

వాటిలోకి వెళ్లే ముందు, మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఫొటోలో ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నుంచి రెండే తీగలు బయలుదేరి నేరుగా పారలల్ పోర్టుకు వెళ్తున్నాయి. అంటే బటన్ నొక్కితే కంప్యూటర్‌కు కబురు మాత్రమే అందుతుంది, ఆపడం ఆపకపోవడం దాని చేతిలో ఉంటుంది. కంప్యూటర్ బిగుసుకుపోయిన రోజు ఆ బటన్ ఉన్నా లేనట్టే. పైగా కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు, లినక్స్‌సీఎన్‌సీ ఇంకా మొదలుకాకముందు, పోర్టు పిన్నులు ఏ స్థితిలో ఉంటాయో చెప్పలేం. కటర్‌ను తిప్పే స్పిండిల్ రిలే కూడా ఆ పోర్టుకే ఉంది కాబట్టి, మీరు జాబ్ బిగిస్తుండగా కటర్ తిరగవచ్చు. బటన్ నొక్కగానే కాంటాక్టర్ (కరెంటును కలిపే, తెంపే పెద్ద స్విచ్చు) పడిపోయి డ్రైవర్లకు, స్పిండిల్‌కు వెళ్లే కరెంటు తెగాలి. కంప్యూటర్‌కు కబురు రెండో కాంటాక్టు ద్వారా పంపుకోవచ్చు. ప్యానెల్ వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్లకు బాలానగర్‌లో కొదవ లేదు, ఇది వారికి కొత్త పనేమీ కాదు. మిగతా విషయాల్లో దారులు చూపి ఎంపిక మీకే వదిలేస్తాను. ఇది మాత్రం మెషిన్‌ను మళ్లీ ఆన్ చేసేలోగా జరగాలి.

ఇప్పుడు ఫాలోయింగ్ ఎర్రర్. అది వచ్చినప్పుడల్లా టేబుల్ బిగుసుకుందనుకుని మామయ్య గిబ్బులు (టేబుల్ జారే చోట ఖాళీని సరిచేసే పట్టీలు) వదులు చేయించారని రాశారు. మీ మోటార్లకు ఎన్‌కోడర్లు లేవు. మోటారు నిజంగా తిరిగిందో లేదో లినక్స్‌సీఎన్‌సీకి తెలిసే మార్గమే లేదు. టేబుల్‌కు ఇనుప దిమ్మె అడ్డం పెట్టి ఆపినా ఆ సందేశం రాదు. అది వచ్చిందంటే, ఇంత వేగంగా కదలాలని లెక్కకట్టిన భాగాన్ని పల్సులు పుట్టించే భాగం అందుకోలేకపోయిందని అర్థం. తప్పు మొత్తం కంప్యూటర్ లోపలే జరిగింది, ఇనుముకు సంబంధం లేదు.

మీ ఫైలులోని అంకెలే ఆ మాట చెబుతున్నాయి. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కో స్టెప్పును 16 భాగాలు చేస్తోంది, బాల్ స్క్రూ పిచ్ (ఒక చుట్టుకు టేబుల్ కదిలే దూరం) 5 మిల్లీమీటర్లు. 200ను 16తో గుణించి 5తో భాగిస్తే మిల్లీమీటరుకు 640 పల్సులు. బేస్ పీరియడ్ 50,000 నానోసెకన్లు అంటే సెకనుకు 20,000 వంతులు. పోర్టును రీసెట్ చేసే వరుస మీ హాల్ ఫైలులో (సిగ్నళ్ల కనెక్షన్లు రాసే ఫైలు) ఉంది కాబట్టి వంతుకొక పల్సు పంపవచ్చు, అంతకు మించి వీలుకాదు. 20,000ను 640తో భాగిస్తే సెకనుకు 31.25 మిల్లీమీటర్లు, అంటే నిమిషానికి 1,875. మీరు పెట్టుకున్న రాపిడ్ వేగం (కోయకుండా ఖాళీగా కదిలే వేగం) 2,000.

పాత 25,000 ఉన్నప్పుడు ఇదే మెషిన్ నిమిషానికి 3,750 దాకా అందుకోగలిగేది, అందుకే శ్రావణంలో ఈ ఎర్రర్ మీకు కనబడలేదు. హెచ్చరిక పోగొట్టడానికి చేసిన మార్పే ఎర్రర్‌ను తెచ్చిపెట్టింది. చిన్న కదలికల్లో రాదని, టేబుల్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెళ్లేటప్పుడే వస్తోందని మీరు ఉత్తరంలో ఒక మూల రాశారు. నాకు దారి చూపింది ఆ వాక్యమే. తక్కువ దూరంలో టేబుల్ పూర్తి వేగం అందుకునేలోపే ఆగిపోతుంది, దూరం వెళ్లినప్పుడు వెనకబాటు క్షణక్షణానికీ పోగవుతుంది. లినక్స్‌సీఎన్‌సీని మెనూ నుంచి కాకుండా టెర్మినల్ నుంచి ప్రారంభించి చూడండి. అడిగిన వేగం మరీ ఎక్కువ, సెకనుకు ఇన్ని పల్సులే సాధ్యం అని పల్సులు పుట్టించే భాగమైన స్టెప్‌జెన్ అక్కడ రాసి పెడుతుంది. మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వరుస చదివి వినిపించండి.

దీనికి వెంటనే చేయగలిగినవి రెండున్నాయి. రాపిడ్‌ను 1,500కు తగ్గించడం ఒకటి. ప్లేటుకు కొంత సమయం ఎక్కువ పడుతుంది, అంతకంటే నష్టం లేదు. డ్రైవర్ మీది చిన్న స్విచ్చులతో మైక్రోస్టెప్పింగ్‌ను 16 నుంచి 8కి దించి, ఫైలులో స్కేల్‌ను 640 నుంచి 320కి మార్చడం రెండోది. ఇప్పుడున్న 50,000 పీరియడ్‌తోనే నిమిషానికి 3,750 దొరుకుతుంది. ఒక్కో పల్సుకు కదలిక 0.003 మిల్లీమీటర్ల పైచిలుకు అవుతుంది, మీ ప్లేట్లకు అది చాలు. కొన్ని వేగాల దగ్గర మోటారు చప్పుడు కాస్త పెరగవచ్చు. స్విచ్చు మార్చి స్కేల్ మరిచిపోతే టేబుల్ చెప్పినదానికి రెండింతలు దూరం వెళ్తుంది, అందుకని మొదటిసారి కటర్ తీసేసి నడపండి. ఏది ఎంచుకున్నా ఫెర్రర్‌ను పాత విలువకు తెచ్చేయండి. దాన్ని పెంచడం వల్ల తప్పు తగ్గలేదు, మీకు ఆలస్యంగా తెలుస్తోంది.

ఇక 0.4 మిల్లీమీటర్ల జరుగుడు. స్క్రూ అరిగితే వచ్చే ప్లే (వదులు) ఎప్పుడూ దాదాపు ఒకే అంత ఉంటుంది, పనిచేసే కొద్దీ పెరుగుతూ పోదు. మీది ప్లేటు సగంలో కొంత, చివరికి ఇంకొంత, అదీ ఒకే వైపుకు. డ్రైవర్‌కు దిశ మారిందన్న సిగ్నల్ అంది, కాస్త వ్యవధి గడిచాక పల్సు అందాలి, ఆ పల్సు వెడల్పు కూడా అది గుర్తించేంత ఉండాలి. ఈ టైమింగు తప్పితే దిశ మారినప్పుడల్లా ఒక పల్సు పోవచ్చు. ఒక పల్సు అంటే ఇప్పుడున్న సెట్టింగులో 0.0016 మిల్లీమీటర్లు, డయల్ గేజ్ సూది కూడా పట్టుకోలేదు. కానీ మీ ప్లేటులోని గాడి కోసం టేబుల్ వందలసార్లు అటూ ఇటూ తిరుగుతోంది. 250 సార్లు పోతే 0.4 అవుతుంది. ఈ లెక్క కుదిరినంత మాత్రాన కారణం అదేనని నేను తీర్పు చెప్పను, పరీక్షించి చూడాలి.

స్పిండిల్ ఆపేసి, టేబుల్ పక్కన డయల్ గేజ్ నిలబెట్టి సున్నా చేయండి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ 200 సార్లు తిరిగి మొదటి చోటికి వచ్చే చిన్న ప్రోగ్రాం నడిపి సూది చూడండి. తర్వాత అదే వేగంతో ఒకే ఒక్క పొడవైన ప్రయాణం చేయించి వెనక్కి రప్పించి మళ్లీ చూడండి. మొదటిదానిలో జరిగి రెండోదానిలో జరగకపోతే టైమింగే. సెట్టింగుల ఫైళ్లు తయారుచేసే స్టెప్‌కాన్ఫ్‌లో మీరు ఎంచుకున్న డ్రైవర్ రకం, మీరు పంపిన కాగితంలోని విలువలు ఒకటి కావు. కాగితంలో ఉన్నవే, కొంచెం ఎక్కువే, రాసుకోండి. స్టెప్ పిన్‌ను తారుమారు చేసే ఇన్వర్ట్ గడిని కూడా ఒకసారి మార్చి చూడండి, డ్రైవర్ పల్సు ఎక్కే అంచును లెక్కిస్తుందా దిగే అంచునా అన్నది దానితో తేలుతుంది. రెండు పరీక్షల్లోనూ సూది సున్నాకు వచ్చి, కటింగ్‌లో మాత్రమే జరుగుతుంటే మోటారు బలం చాలడం లేదు, లేదా కప్లింగ్ జారుతోంది. మోటారు షాఫ్టుకూ కప్లింగ్‌కూ కలిపి మార్కర్‌తో ఒక సన్న గీత గీయండి. ప్లేటు అయ్యాక గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే జారినట్టే. అలా కాక స్పిండిల్ ఆన్ చేసినప్పుడే ఎటు పడితే అటు జరుగుతుంటే, స్పిండిల్ వేగం మార్చే వీఎఫ్‌డీ రొద సిగ్నల్ తీగల్లోకి వస్తోంది. ఫొటోలో రెండూ ఒకే గొట్టంలో పోతున్నాయి, ఎలాగూ విడదీయండి.

రంధ్రాల సంగతిలో మాత్రం మామయ్య మాటే నిజం కావచ్చు. గుండ్రని రంధ్రంలో నాలుగు వైపులా, సరిగ్గా దిశ మారే చోట, చిన్న చదును గీత కనిపిస్తోందన్నారు. అది ప్లే గుర్తు. డయల్ గేజ్ ఆనించి టేబుల్‌ను ఒక మిల్లీమీటరు కుడికి నడిపి, తర్వాత 0.01 చొప్పున ఎడమకు నడపండి. సూది కదలడం మొదలయ్యేదాకా ఎంత నడిపారో అదే మీ ప్లే. సాఫ్ట్‌వేర్‌లో ఆ ప్లేను బ్యాక్‌లాష్ విలువగా రాసి సరిచేసే వీలుంది, కానీ కటర్ జాబ్‌ను లాగినప్పుడు టేబుల్ ఆ ఖాళీలో ఊగితే ఏ అంకే ఆపలేదు. స్క్రూ చివరి బేరింగు లాక్‌నట్, నట్ బిగువు, వదులు చేసిన గిబ్బులు ముందు చూడాలి. గిబ్బును టేబుల్ బిగుసుకోకుండా, ఊగకుండా సరిచేయడం చేతికి తెలిసే పని, మీ ఫోర్‌మన్‌కు అది ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆ పని ఆయన్నే అడగండి. ఆయన అన్న మాట మిమ్మల్ని బాధించింది, బాధించకుండా ఎలా ఉంటుంది? అయినా ఇప్పటిదాకా ఆ మెషిన్ చుట్టూ ఆయన చేయగల పని ఒక్కటీ ఎవరూ ఆయనకు ఇవ్వలేదన్నది కూడా నిజం.

నాలుగోది, అన్నిటికీ మొదలు: ఆ కంప్యూటర్. కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తుందో కొలిచే లేటెన్సీ పరీక్షను మీరు ఐదు నిమిషాలు నడిపి ఆపేశారు. దాన్ని కొన్ని గంటలు నడవనివ్వండి, ఆ సమయంలో పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ, తెరమీద బొమ్మలు తిప్పే జీఎల్‌ఎక్స్‌గేర్స్ ప్రోగ్రాం నడుపుతూ కంప్యూటర్‌ను వీలైనంత ఇబ్బంది పెట్టండి. గరిష్ఠ జిట్టర్ (వంతు సమయం తప్పే మొత్తం) 20,000 నానోసెకన్ల లోపు ఉంటే పారలల్ పోర్టుకు మంచి యంత్రం. 30,000 నుంచి 50,000 మధ్య ఉంటే వేగం తగ్గించుకుని నడుపుకోవచ్చు. లక్ష దాటితే ఈ పద్ధతికి ఆ కంప్యూటర్ పనికిరాదు. తీర్పు ఇచ్చేముందు బయోస్‌లో కరెంటు ఆదా చేసే సెట్టింగులు, హైపర్‌థ్రెడింగ్ ఆపి చూడండి, ఒక ప్రాసెసర్ కోర్‌ను ప్రత్యేకంగా కేటాయించి చూడండి. మీరు వాడుతున్న ప్రీఎంప్ట్-ఆర్‌టీ కెర్నెల్ (లినక్స్ మూల భాగం) కంటే ఆర్‌టీఏఐ కెర్నెల్ ఇలాంటి పల్సుల పనికి తరచుగా మెరుగ్గా ఉంటుంది, కాకపోతే దాన్ని ఎక్కించడం కొంచెం శ్రమ.

కంప్యూటర్ ఎంతకీ లొంగకపోతే రెండు దారులు. ఇంకో పాత కంప్యూటర్ కొనడం చవక, కానీ అదెలా ఉంటుందో కొన్నాక గానీ తెలియదు. దుకాణదారు ఒప్పుకుంటే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌సీఎన్‌సీ నడిపి అక్కడే పరీక్షించి కొనండి. రెండోది, పల్సులు తానే పుట్టించే మీసా లాంటి ఈథర్‌నెట్ బోర్డు. అప్పుడు కంప్యూటర్ మిల్లీసెకనుకు ఒకసారి పలకరిస్తే చాలు, వేగం లెక్కలన్నీ మారిపోతాయి. డబ్బు మాత్రం అవుతుంది, విదేశం నుంచి రావాలి కాబట్టి దసరాలోగా చేతికి అందుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.

దసరా గడువును మెషిన్ మీంచి తీసేయడమే మేలని నాకు తోస్తోంది. 60 ప్లేట్లను బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో జాబ్ వర్క్‌కు ఇస్తే మీకు లాభం మిగలదు, మామయ్య మాట నిలబడుతుంది. జిగ్ (రంధ్రాల చోటు చూపే అచ్చు) చేసి రంధ్రాలు చేతి మెషిన్ల మీద వేసుకుంటే డబ్బు మిగులుతుంది, మనుషులు వారం పాటు దానికే అంకితమవుతారు. మీ మెషిన్ మీదే చేస్తానని పట్టుబడితే, ఒక్క పరీక్ష అడ్డం తిరిగినా డబ్బూ మాటా రెండూ పోతాయి. ఎంత నష్టం భరించగలరో మామయ్యకే తెలుసు కాబట్టి ఆ నిర్ణయం ఆయన్ని తీసుకోనివ్వండి.

ఆయనతో మాట్లాడాలంటే ఆ రెండు మార్పుల సంగతి దాచి లాభం లేదు. ఒక కాగితం మీద తేదీలవారీగా రాయండి: ఏ రోజు ఏ విలువ మార్చారు, తర్వాత ఏం జరిగింది. ఇకముందు కూడా ఏ ఫైలు మార్చినా ముందు దాని నకలు తీసి పెట్టుకోండి, ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ఆ కాగితం చూస్తే ఆయనకు రెండు విషయాలు తెలుస్తాయి. తప్పు ఎక్కడ మొదలైందో మీకు అర్థమైంది, ఆయన స్క్రూ గురించి చెప్పింది పూర్తిగా కొట్టిపారేయాల్సినది కాదు.

"రూపాయి ఖర్చు ఉండదు" అన్న మాటను కూడా మీరే వెనక్కి తీసుకోవాలి. ఆయన మనసులో గుచ్చుకుంటున్నది అదేనని అనుకుంటున్నాను. లైసెన్సుకు ఖర్చు లేదు. కాంటాక్టర్, తీగలు, మంచి కంప్యూటర్ లేదా బోర్డు, అన్నిటికంటే మీ నెలల శ్రమ, ఇవన్నీ ఖర్చే. ఊరికే వచ్చింది నమ్మదగినది కాదన్న ఆయన అనుమానానికి జవాబు ఉంది: 1990లలో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఈఎంసీ పేరుతో మొదలైన పనే లినక్స్‌సీఎన్‌సీ. ప్రజల సొమ్ముతో తయారైంది కాబట్టి అందరికీ అందుబాటులో ఉంచారు, ఆ తర్వాత ఎన్నో దేశాలవారు కలిసి పెంచుతూ వస్తున్నారు. అయితే డీలర్‌కు ఫోన్ చేసినట్టు దీనికి ఫోన్ చేయలేం. మీరు ఊళ్లో లేని రోజు మెషిన్ ఆగితే ఎవరు చూస్తారన్న ఆయన ప్రశ్న న్యాయమైనది. షాపులో ఇంకొకరికి నేర్పిస్తానని చెప్పగలరా, ఎవరికి అన్నది ముందే ఆలోచించుకుని వెళ్లండి.

అమ్మగారికి రోజూ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. పరీక్షలన్నీ అయిన రోజున ఏం తేలిందో చెప్తానని చెప్పండి.

ఇన్నీ చేశాక కూడా కంపెనీ కంట్రోలరే కావాలని మామయ్య అంటే దాన్ని ఓటమి అనుకోకండి. దాని లోపలి సెట్టింగులు మీకిష్టమొచ్చినట్టు మార్చుకునే స్వేచ్ఛ తగ్గుతుంది, చెడితే పిలవడానికి మనిషి ఉంటాడు. స్టెప్, డైరెక్షన్ సిగ్నళ్లు ఇచ్చే రకం అడగండి. డ్రైవర్లు కొత్తగా కొనాలని డీలర్ అంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పమనండి, ఎందుకంటే ఆ రకానికి మీరు బిగించిన మోటార్లు, డ్రైవర్లు, కొత్తగా వేయించే ఎమర్జెన్సీ వైరింగ్, ఫోర్‌మన్ సరిచేసే గిబ్బులు అన్నీ అలాగే పనికొస్తాయి.